సంతకం మీద నిలబడండి

సూరత్‌లో ఉంటున్న తెలుగు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకొక తేదీ గుర్తుచేయాలి. 2024 మే 7. గుజరాత్‌లో లోక్‌సభ పోలింగ్ జరిగిన రోజు. లింబాయత్‌లో, ఉధ్నాలో మీ అమ్మానాన్నలు బూత్‌కు వెళ్లి, వరుసలో నిలబడి, వేలికి సిరా గుర్తుతో ఇంటికొచ్చారు. అదే రోజు, అదే ఊళ్లో, కతార్‌గామ్‌లో గానీ వరాఛాలో గానీ కరంజ్‌లో గానీ ఒక్క పోలింగ్ బూత్ తెరుచుకోలేదు. గుజరాత్‌లోని 26 లోక్‌సభ స్థానాల్లో 25 చోట్ల ఓట్లు పడ్డాయి. పడనిది సూరత్ ఒక్కటే.

కారణం మీలో చాలామందికి తెలుసు. కానీ ఆనాడు 16 ఏళ్లవాళ్లు ఇవాళ ఓటర్లయ్యారు కాబట్టి మళ్లీ చెబుతాను. ఏప్రిల్ 21న కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ నామినేషన్‌ను రిటర్నింగ్ అధికారి తిరస్కరించారు. ఆయన పత్రాల మీద ప్రతిపాదకులుగా ఉన్నవాళ్లే ‘ఆ సంతకాలు మావి కావు’ అని అఫిడవిట్లు ఇచ్చారు. వాళ్లు ఆయనకు బంధువులు, వ్యాపారంలో తోడున్నవాళ్లని పత్రికలు రాశాయి. అదే పార్టీ డమ్మీ అభ్యర్థి నామినేషన్ కూడా చెల్లలేదు. మర్నాడు ఏప్రిల్ 22, ఉపసంహరణకు ఆఖరి రోజు. బహుజన్ సమాజ్ పార్టీ అభ్యర్థితో సహా బరిలో మిగిలిన ఎనిమిది మందీ ఆ గడువులోగానే తప్పుకున్నారు. మిగిలింది బీజేపీ అభ్యర్థి ముఖేశ్ దలాల్ ఒక్కరే. ఆ సాయంత్రానికి ఆయన చేతిలో ఎంపీగా ఎన్నికైనట్టు ధ్రువపత్రం ఉంది. 16 లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గంలో ఒక్క ఓటు పడకుండానే ఎన్నిక ముగిసింది. సాధారణ ఎన్నికల్లో ఇలా లోక్‌సభ స్థానం ఏకగ్రీవం కావడం 1989లో శ్రీనగర్ తర్వాత ఇదే. ఆనాటి కశ్మీర్ ఏ స్థితిలో ఉందో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. సూరత్‌లో తుపాకీ లేదు, కర్ఫ్యూ లేదు, బెదిరింపు పోస్టరు లేదు. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతున్న ఊరిది.

చట్టం దీనికి అడ్డు చెప్పలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం, సీట్లు ఎన్నో అభ్యర్థులూ అంతమందే మిగిలితే రిటర్నింగ్ అధికారి వెంటనే వాళ్లను గెలిచినట్టు ప్రకటించాల్సిందే. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా మీట కూడా ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే మీట నొక్కాలంటే ముందు యంత్రం బూత్‌కు రావాలి. ఈ నిబంధనను సవాలు చేస్తూ విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ ఏం తేలాలో అది తేలుతుంది. నా బాధ చట్టం గురించి కాదు, గెలిచిన పార్టీ గురించి అసలే కాదు. ఆ తర్వాత ఊరు ఎలా ఉందో దాని గురించి.

కాంగ్రెస్ కార్యకర్తలు కొందరు కుంభాణీ ఇంటి ముందు నినాదాలు చేశారు. పార్టీ ఆయన్ను ఆరేళ్లు సస్పెండ్ చేసింది. నాలుగు రోజులు టీవీల్లో చర్చ నడిచింది. తర్వాత రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరల మూటలు ఎప్పటిలాగే ఎక్కాయి, దిగాయి. ఈ ఊరికి నిరసన చేయడం చేతకాదా? 2017 జులైలో జీఎస్టీకి వ్యతిరేకంగా ఇదే బట్టల మార్కెట్ వారాల తరబడి షట్టర్లు దించేసింది, వీధులు పట్టనంత జనం ఊరేగింపు తీశారు. పన్ను మీద అంత కోపం వచ్చిన ఊరికి ఓటు పోయినప్పుడు ఎందుకు రాలేదు? ‘ఎలాగూ వాళ్లే గెలిచేవాళ్లు కదా’ అన్న మాట అందరి నోటా వినిపించింది. ఆ మాట సంగతి తర్వాత తేలుద్దాం. ముందు ఇంకో సంగతి చూడండి.

సూరత్‌లో ఓట్లు పడకుండా పోయిన ఆ ఏడాదే ప్యూ రీసెర్చ్ సెంటర్ 30కి పైగా దేశాల్లో జనాన్ని ఒకే ప్రశ్న అడిగింది: మీ దేశంలో ప్రజాస్వామ్యం నడుస్తున్న తీరు మీకు తృప్తిగా ఉందా? చాలా దేశాల్లో సగానికి పైగా జనం లేదన్నారు. అమెరికాలో, జపాన్‌లో తృప్తిగా ఉందన్నవాళ్లు పదిమందిలో ముగ్గురే. డల్లాస్‌లో ఉన్న మీ మేనమామ కొడుకు చుట్టూ ఉన్న అమెరికన్లలో ఎక్కువమంది తమ వ్యవస్థ మీద మొహం చిట్లించేవాళ్లే. మన దేశంలో? 77 శాతం తృప్తిగా ఉందన్నారు. ఆ పట్టికలో మనకన్నా పైన కనిపించేది సింగపూర్ లాంటి ఒకటి రెండు దేశాలే. స్వీడన్ కూడా మన పక్కనే, నలుగురిలో ముగ్గురు తృప్తిపడే దేశాల్లో ఉంది.

ఆ అంకె చూసి ఛాతీ విరుచుకునేవాళ్లున్నారు. అబద్ధం అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. జనం అబద్ధం చెప్పలేదు. అయితే వాళ్లు ఏ ప్రశ్నకు జవాబిచ్చారో ఆలోచించాలి. దాదాపు ప్రతి దేశంలోనూ, తను ఓటేసిన పార్టీ గద్దె మీద ఉన్నవాడికి ప్రజాస్వామ్యం బాగానే కనిపిస్తుంది, ఓడిన పార్టీవాడికి కనిపించదు. జేబులో నాలుగు డబ్బులు ఆడుతున్నవాడికి బాగుంటుంది, ధరలు మండుతుంటే బాగుండదు. అంటే ప్రజాస్వామ్యం గురించి అడిగితే చాలామంది ప్రభుత్వం గురించీ సంసారం గురించీ జవాబు చెబుతారు. 2023లో ప్యూ సంస్థే అడిగిన ఇంకో ప్రశ్నకు మన జవాబు చూడండి. పార్లమెంటు, కోర్టుల జోక్యం లేకుండా నిర్ణయాలు తీసుకునే గట్టి నాయకుడుంటే మంచిదేనా అంటే మన దేశంలో మూడింట రెండొంతుల మంది మంచిదేనన్నారు. ప్రజాస్వామ్యం తృప్తిగా ఉందంటున్నదీ మనమే, పార్లమెంటు అడ్డు లేకపోయినా ఫరవాలేదంటున్నదీ మనమే. ఈ రెండు జవాబులూ ఒకే ఇంట్లోంచి, ఒక్కోసారి ఒకే నోటి నుంచి వచ్చాయి. ఇది నన్ను భయపెడుతుంది. మిమ్మల్ని కూడా భయపెట్టాలి.

స్వీడన్ తృప్తి, మన తృప్తి ఒకటి కావు. స్వీడన్‌లో ప్రభుత్వ కాగితం అడిగి చూసే హక్కు 1766 నుంచీ చట్టంలో ఉంది. 2022 ఎన్నికల్లో అక్కడ 84 శాతం ఓటేశారు. అది అడిగి, చూసి, లెక్క తేల్చుకున్నవాళ్ల తృప్తి. గుజరాత్‌లో 2024లో పోలింగ్ 60 శాతం దగ్గరే ఆగింది. సమాచార హక్కు మనకు 2005లో వచ్చింది, అదీ రాజస్థాన్ పల్లెల్లో కూలీ జనం మస్టర్ రోళ్లు చూపించమని ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చింది. అడగనివాడి తృప్తి చేతికి అందినదానితో సరిపెట్టుకోవడమే అవుతుంది.

సింగపూర్ కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ తంజోంగ్ పగార్ అని ఒక నియోజకవర్గం ఉంది, ఆ దేశ తొలి ప్రధాని లీ క్వాన్ యూ సొంత స్థానం. 1991 నుంచి 2011 దాకా ఐదు సాధారణ ఎన్నికలు వచ్చాయి, పోయాయి. అక్కడ ఒక్కసారీ పోటీ లేదు, ఓటింగ్ లేదు. ఆ పేటలో పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నవాళ్లు తమ ఎంపీలకు ఒక్కసారైనా ఓటేయకుండానే నడివయసుకు వచ్చారు. దేశంలోని సీట్లన్నిటికీ పోటీ జరిగింది 2015లోనే, స్వాతంత్ర్యం వచ్చిన 50 ఏళ్లకు. అక్కడి ఇళ్లు బాగున్నాయి, రైళ్లు బాగున్నాయి, అవినీతి తక్కువ. మనవాళ్లు కూడా అక్కడ తెలుగు సమాజం పెట్టుకుని సుఖంగా ఉన్నారు. ఎవరినీ తప్పుపట్టను. కానీ బతుకు బాగుంటే ఓటు లేకపోయినా తృప్తిగా ఉండొచ్చన్న దారి ఒకటుందని, సూరత్ 2024లో తెలియకుండానే ఆ దారి తొక్కిందని మీరు గుర్తించాలి.

తృప్తి లేని జనం ఏం చేయగలరో కూడా చూడండి. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియాలో అధ్యక్షుడు హఠాత్తుగా మార్షల్ లా ప్రకటించాడు. తమ రాజకీయాలను రోజూ తిట్టిపోసే జనమే అర్ధరాత్రి చలిలో ఇళ్లలోంచి వచ్చి పార్లమెంటు భవనం ముందు సైనికులకు అడ్డం నిలబడ్డారు. ఎంపీలు లోపలికి చేరారు. హాజరైన 190 మందీ ఒక్క గొంతుతో మార్షల్ లాను ఎత్తేయాలని ఓటేశారు. కొన్ని గంటల్లోనే అది ముగిసింది. అసంతృప్తి అంటే ద్వేషం అనుకోకండి. ఆ జనం తిట్టింది తమ సొంత వస్తువు పాడవుతోందన్న బాధతో. సొంతదనుకున్నారు కాబట్టే ఆ రాత్రి పరుగెత్తుకొచ్చారు.

మనలోనూ ఆ వేడి ఉంది. ఈ నేలలోనే ఉంది. 1907 డిసెంబరులో కాంగ్రెస్‌లో మితవాదులు, అతివాదులు తగువుపడి చీలిపోయింది ఈ సూరత్‌లోనే. 1928లో ఇక్కడికి కూతవేటు దూరంలోని బార్డోలీలో రైతులు శిస్తు 22 శాతం పెంచినందుకు ఒక్క పైసా కట్టం అని మొండికేశారు. గొడ్లను జప్తు చేశారు, పొలాలు వేలం వేశారు. అయినా వంగలేదు. చివరికి విచారణ వేస్తే 6 శాతం చాలని తేలింది. వల్లభ్‌భాయ్ పటేల్‌ను జనం సర్దార్ అని పిలిచింది ఆ పోరాటంలోనే. అంతకు ఏడేళ్ల ముందు, 1921లో, మన చీరాలలో ఇంకో కథ జరిగింది. పురపాలక సంఘం పేరుతో మోయలేని పన్ను నెత్తిన పెడితే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల, పేరాల జనం ఇళ్లకు తాళాలేసి, పొలిమేర అవతల పాకలు వేసుకుని నెలల తరబడి కాపురం ఉన్నారు. అది చేనేతవాళ్ల ఊరు. మగ్గం గుంతలు వదిలి వెళ్లడం అంటే ఏమిటో మీ ఇళ్లలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. బార్డోలీ రైతుల్లోనూ చీరాల నేతగాళ్లలోనూ ఎక్కువమందికి ఓటు లేదు. ఓటు లేకుండానే అంత చేశారు.

దేశం అంతటికీ ఓటు వచ్చాక కూడా అందరూ ఒకేలా చూడలేదు. 1977 మార్చి ఎన్నికలే తీసుకోండి. ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన ఎన్నికలవి. ఇదే సూరత్ సీటు నుంచి, 1957 మొదలు వరసగా ఐదోసారి గెలిచిన మొరార్జీ దేశాయ్ ప్రధాని అయ్యారు. ఉత్తర భారతం కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. మరి మన ఆంధ్రప్రదేశ్? 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. ఒకే దేశం, ఒకే ఎమర్జెన్సీ, ఒకే నెలలో ఎన్నిక. సూరత్‌వాళ్లు ఒకలా చూశారు, మన తాతలు ఇంకోలా చూశారు. దేశదేశానికీ అభిప్రాయం మారుతుందని సర్వేలు ఇవాళ చెబుతున్నాయి గానీ, రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేస్తే చాలు అది మారడానికి. అయితే ఆ రోజు ఎవరేమనుకున్నారో మనకు తెలిసిందంటే రెండుచోట్లా బ్యాలెట్ పెట్టెలు తెరిచి లెక్కపెట్టారు కాబట్టే. సూరత్ 2024లో ఏమనుకుందో ఎవరికి తెలుసు? తెలుసుకునే దారే మూసుకుపోయింది.

‘ఎలాగూ వాళ్లే గెలిచేవాళ్లు’ అన్న మాటకు ఇప్పుడు జవాబు చెబుతాను. అవును, గెలిచేవాళ్లేమో. 2019లో బీజేపీ తరఫున దర్శనా జర్దోశ్ ఇక్కడ 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. కానీ ఆ ఎన్నికలోనే రెండు లక్షల మందికి పైగా కాంగ్రెస్‌కు ఓటేశారు. ఓడిపోతామని తెలిసే వేశారు. ఆ రెండు లక్షల మంది ఉన్నారన్న సంగతి గెలిచినవాళ్లకు తెలియాలి, అధికారులకు తెలియాలి, పక్కింటివాళ్లకు తెలియాలి. గెలిచినవాళ్లకు పడిన ఓట్లు కూడా లెక్కలోకి రావాల్సినవే. ముఖేశ్ దలాల్‌ను మనసారా కోరుకున్న ఓటరుకు కూడా ఆ రోజు అన్యాయమే జరిగింది, ఆ ఇష్టాన్ని చెప్పుకునే అవకాశం పోయింది. సాంచా మీద పనిచేసేవాళ్లకు తెలుసు, పడుగులో ఒక్క పోగు తెగితే యంత్రం ఆపి ముడి వేయాలి. ‘వేల పోగులున్నాయిలే, ఒకటి పోతే ఏం’ అని నడిపిస్తే తాను పొడవునా ఆ గీత పడుతుంది. సేఠ్ ఆ బట్ట తీసుకోడు, మీటరు కూలి కోస్తాడు.

మన తెలుగువాళ్లు సూరత్ 2024కు పూర్తిగా ఎదురు దారిలో నడిచిన సంగతి మీకెవరైనా చెప్పారా? మీలో చాలామంది ఇళ్ల మూలాలు నల్గొండలోనో వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉన్నవే కదా. నల్గొండలో నీళ్లు తాగితే ఎముకలు వంకర్లు పోయేవి, పళ్లు గోధుమరంగు చారలు తేలేవి. ఫ్లోరైడ్. అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ పిలుపు మీద వందల మంది మామూలు జనం నామినేషన్లు వేశారు. బరిలో చివరికి 480 మంది మిగిలారు. బ్యాలెట్ ఒక్క కాగితంలో పట్టక పుస్తకం అచ్చు వేయాల్సి వచ్చింది. పోలింగ్‌నే వాయిదా వేయాల్సి వచ్చింది. ఒక్కసారి ఊహించండి: ఓటరు చేతిలో ఓ పుస్తకం, పేజీ తిప్పిన కొద్దీ పేర్లు, ఎక్కువమంది నీళ్ల కోసం నిలబడినవాళ్లే. అలా నీళ్ల కోసం నిలబడినవాళ్లలో గెలుస్తాననుకున్నవాడు ఒక్కడూ లేడు. కానీ దేశం మొత్తం ఆ వారం నల్గొండ నీళ్ల గురించి మాట్లాడింది. ఆ ఏడాదే ప్రభుత్వం లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచింది, ఇప్పుడది 25 వేలు. ఇలాంటి పోటీలు మళ్లీ రాకుండా గడప ఎత్తు పెంచారన్నమాట.

ఆ గడప కూడా దాటారు నిజామాబాద్ రైతులు. 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం చందాలు వేసుకుని, 25 వేల డిపాజిట్లు కట్టి, 170 మందికి పైగా బరిలోకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఎన్నికల సంఘం పాత రకం యంత్రాలు చాలక కొత్త రకం ఈవీఎంలు తెప్పించి బూత్‌లో బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. గెలిచిన ధర్మపురి అర్వింద్‌ను రైతులు పసుపు బోర్డు ఏదని ఏళ్ల తరబడి నిలదీస్తూనే వచ్చారు. 2023 అక్టోబరులో ప్రధాని బోర్డు ప్రకటించారు. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. దాదాపు ఆరేళ్లు పట్టింది. దీంతో ధర సమస్య తీరిపోయిందని నేననను. కానీ సూరత్‌లో ఒక్కరు మిగిలిన చోట, నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు. ఆ రైతుల్లో ఎవరిని ఆ రోజు ‘ప్రజాస్వామ్యం తృప్తిగా ఉందా’ అని అడిగినా మండిపడేవాళ్లు. అదే మనుషులు దాన్ని అందరికన్నా ఎక్కువగా వాడుకున్నారు.

అందుకే మీతో చెబుతున్నాను, మీకు ప్రజాస్వామ్యం నచ్చిందా నచ్చలేదా అని నేనడగను. మీరు దానిలో ఉన్నారా లేరా అని అడుగుతాను.

నాకు తెలుసు, మీలో కొందరి పేర్లు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. సిరిసిల్లలోనో జనగామలోనో జాబితాలో పేరు, లింబాయత్‌లో బతుకు. ఊళ్లో ఎన్నికలొస్తే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరక్క, దొరికినా నాలుగు రోజుల కూలి పోతుందని వెళ్లలేక ఊరుకుంటారు. ఇక్కడ పేరు ఉండదు, అక్కడికి పోలేరు. వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటే ఓటేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయింది, చాలా పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది. అది వచ్చేదాకా కూర్చుంటే మీ ఇరవైలు అయిపోతాయి. చట్టం ఒక మాట స్పష్టంగా చెబుతుంది: మామూలుగా ఎక్కడ నివసిస్తావో అక్కడే నీ ఓటు. అద్దె గది అయినా సరే, సొంత ఇల్లు ఉండక్కర్లేదు. కొత్తగా నమోదు చేసుకోవాలంటే 6వ నంబరు ఫారం, ఊరి నుంచి ఇక్కడికి మార్చుకోవాలంటే 8వ నంబరు ఫారం. రెండుచోట్ల పేరుంచుకోవడం చట్టవిరుద్ధం, కాబట్టి ఎక్కడ బతుకుతున్నారో తేల్చుకోండి. ‘మేం బతకడానికి వచ్చాం, మాకెందుకు’ అని మీ నాన్న అంటే గౌరవంగానే ఎదురు చెప్పండి. సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. గుజరాతీ, మరాఠీ, ఒడియా పక్కన తెలుగు కూడా ఆ బడుల్లో చదువుల భాషగా ఉందంటే ఒకప్పుడు మనవాళ్లు ఈ ఊరి మనుషులుగా లెక్కలోకి వచ్చారు కాబట్టే. రేపు ఆ బడిలో టీచరు లేకపోతే అడిగే గొంతు ఓటరు జాబితాలో ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి, సంతకం. నామినేషన్ పత్రాన్ని 2ఎ ఫారం అంటారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రుడికి పదిమంది కావాలి. ఆ నియోజకవర్గం ఓటరే సంతకం చేయాలి, పక్కన తన పేరు జాబితాలో ఏ భాగంలో ఏ వరస సంఖ్య దగ్గరుందో రాయాలి. చూడటానికి చిన్న గడి. 16 లక్షల మంది ఓటు ఆ గడి మీద ఆగింది. అక్కడ పేరు రాసినవాళ్లు నిలబడి ఉంటే మే 7న కతార్‌గామ్‌లో బూత్‌లు తెరుచుకునేవి. డబ్బు తీసుకున్నారా, భయపడ్డారా, ఇంకేదైనా ఉందా, నేను తీర్పు చెప్పలేను. మీతో చెప్పేది ఒకటే. ఆ గడి దగ్గరికి ఒకనాడు మీరొస్తారు. ఏదో ఒక వార్డు ఎన్నికలో, మీ గల్లీ నుంచి ఎవరో ఒక అమ్మాయి పోటీ చేస్తానంటుంది, సంతకం పెట్టమంటుంది. పెట్టే ముందు పదిసార్లు ఆలోచించండి. పెట్టాక, ఎవరొచ్చి ఏం ఆశపెట్టినా, ఏం బెదిరించినా, ‘అది నాదే’ అనండి. ఆ రోజు మీ పక్కన ఇంకో తొమ్మిది మంది ఉండేలా చూసుకోండి.

ఆ అమ్మాయి మీరే ఎందుకు కాకూడదు? లోక్‌సభకు 25 ఏళ్లు నిండాలి, కార్పొరేషన్‌కు 21 చాలు. సూరత్‌లో 120 కార్పొరేటర్ స్థానాలున్నాయి, సగం ఆడవాళ్లకే. 2021లో ఇదే ఊళ్లో ఎవరూ ఊహించనట్టు ఆమ్ ఆద్మీ పార్టీ 27 స్థానాలు గెలిచింది. గెలిచినవాళ్లలో కుర్రవాళ్లు చాలామంది. ఆ పార్టీని పొగడటానికి ఈ మాట చెప్పడం లేదు. 93 స్థానాలు బీజేపీయే గెలిచింది, అది కూడా ప్రజల తీర్పే. పోటీ ఉన్నచోట ఈ ఊరి ఓటరు ఎన్ని మాటలు చెప్పగలడో చూడమంటున్నాను.

ఊరికి వెళ్లినప్పుడు కూడా ఇది మరవకండి. సర్పంచ్ ఎన్నికలు రాగానే ‘ఏకగ్రీవం చేసుకుందాం, నజరానా వస్తుంది, గొడవలుండవు’ అంటారు. కొన్ని ఊళ్లలో గుడి దగ్గర కూర్చుని పదవిని వేలం పాడతారు, గుడి కోసమో బడి కోసమో అని పైకి చెబుతారు. గుజరాత్‌లో కూడా సమరస్ పేరుతో ఏకగ్రీవానికి నజరానా ఇచ్చే పథకం 2001 నుంచీ నడుస్తోంది. ఊరు నిజంగా కలిసి ఒకరిని ఎన్నుకుంటే మంచిదే. కానీ వాడలోని పేదింటి ఆడమనిషి నామినేషన్ వేస్తానంటే పెద్దమనుషులు ఇంటికొచ్చి ‘ఎందుకమ్మా నీకీ పట్టుదల’ అని వేయనీయకపోతే అది కలయిక కాదు, నోరు నొక్కడం. మీరు సెలవు మీద ఊళ్లో ఉంటే ఆమె వెంట నామినేషన్ వేసే చోటి దాకా నడవండి.

ఇక ఇక్కడి జాబితా సంగతి. 2025 చివర్లో గుజరాత్‌లో ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ మొదలైంది. ఫారాలు ఇంటింటికీ వచ్చాయి. షిఫ్టులో ఉండి తలుపు తాళం వేసిన గదులు మన పేటల్లో ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు పోయింది అన్నది చూసుకోవాల్సింది మీరే. ఏడాదిలో నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఆ తేదీకి 18 నిండితే పేరు ఎక్కించుకోవచ్చు. 1989కి ముందైతే 21 దాకా ఆగాల్సి వచ్చేది. రేపు పొద్దుటి షిఫ్టు దిగగానే ముఖం కడుక్కుని, ఒక నోటుబుక్ తీసుకుని, మీ గల్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టండి. ప్రతి గదిలో ఎంతమంది ఉన్నారు, ఎవరికి 18 నిండాయి, ఎవరి పేరు సూరత్‌లో ఉంది, ఎవరిది ఊళ్లో ఉంది, ఎవరిది ఎక్కడా లేదు, రాసుకోండి. మీ బూత్ లెవెల్ అధికారి ఎవరో కనుక్కుని, ఎక్కడా పేరు లేని ప్రతి ఒక్కరినీ మీరే దగ్గరుండి ఆ అధికారి దగ్గరికి తీసుకెళ్లండి.